పాపకి 15 ఏళ్లు, స్కాన్‌లో "పాలీసిస్టిక్" అని రాశారు. ఇప్పటి నుంచే మాత్రలా?

గోదారి_గట్టు · జనవరి 18, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. మాది రాజమండ్రి. పాప పదో తరగతి. పదమూడు నిండగానే పెద్దమనిషి అయింది, రెండేళ్లు దాటింది. నెలనెలా రావడం లేదు. ఒకసారి 50 రోజులకి, ఒకసారి 60కి. వచ్చిందంటే ఎనిమిది తొమ్మిది రోజులు ఆగదు.

సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చి, "వదినా, ఆలస్యం చేయకు, స్కాన్ తీయించు" అంది. తీయించాం. రెండు అండాశయాల్లోనూ నీటిబుడగలు ఉన్నాయి, పీసీఓడీ, అంటే పాలీసిస్టిక్ అండాశయాల జబ్బు అన్నారు. 21 రోజుల మాత్రలు మూడు నెలలకి, దాంతోపాటు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర రాశారు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. అడగాలనుకున్నవేవీ అడగలేకపోయాను. మందుల షాపులో అబ్బాయి అవి పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలని చెప్పేసరికి మా అత్తగారు అక్కడే కూలబడిపోయారు. మాత్రలు కొన్నాను గానీ ఇంకా వేయలేదు. పాప ఏమో "అమ్మా, నాకు పిల్లలు పుట్టరా?" అని అడిగింది. పదిహేనేళ్ల పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదది. రాత్రంతా నిద్ర లేదు.

ఇంకో మాట. నేను ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, 50 మైక్రోగ్రాములది. మా అమ్మకి 34 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. అమ్మ, నేను, ఇప్పుడిది. మా ఇంటి ఆడవాళ్ల ఒంట్లోనే ఏదో ఉందా అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల · జనవరి 18, రాత్రి 11:20

అక్కా, ముందుగాల బిడ్డకు ఒక్క మాట చెప్పు. పిల్లలు పుడతరు అని. నాకు 19 ఏండ్లప్పుడు పీసీఓడీ అన్నరు. ఇప్పుడు 31. నా బిడ్డకు మూడేండ్లు, నా పక్కకే పండుకొని ఉన్నది, ఇది రాస్తున్న. మిగతాది రేపు రాస్త. ఇయ్యాల అయితే నువ్వు పండుకో.

డాక్టరమ్మ · జనవరి 19, ఉదయం 6:05

డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నాను. నేను ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల వైద్యురాలిని, 22 ఏళ్లుగా. పాపను చూడకుండా ఇది ఉంది, అది లేదు అని చెప్పను. కానీ మీ భయంలో సగం ఆ "నీటిబుడగలు" అన్న మాటే తెచ్చిపెట్టింది, దాని సంగతి చెబుతాను.

అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. ప్రతి అండాశయంలోనూ అండాలుండే చిన్న చిన్న సంచులు ఉంటాయి. నెలనెలా వాటిలో కొన్ని పెరగడం మొదలుపెడతాయి, ఒకటి ముందుకెళ్లి పక్వమై అండం విడుదలవుతుంది. హార్మోన్ల లెక్క కుదరనప్పుడు ఏదీ ముందుకెళ్లదు, అన్నీ చిన్నగానే ఆగిపోతాయి. స్కాన్‌లో కనిపించేవి అవే. 1935లో అమెరికాలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వర్ణించినప్పుడు వాటిని తిత్తులు అనుకున్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ ఒక్క మాట ఎంతమంది ఆడపిల్లలకి నిద్ర లేకుండా చేసిందో మా ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. పదిహేనేళ్ల పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా స్కాన్‌లో చాలాసార్లు ఇలాగే కనిపిస్తుంది. అండాశయాలకి అది పని నేర్చుకునే వయసు. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల వరకు స్కాన్ చూసి పీసీఓఎస్ (పీసీఓడీనే మేం ఇలా అంటాం) అని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2018లోనూ 2023లోనూ స్పష్టంగా చెప్పాయి. పెద్దవాళ్లకైతే మూడు లక్షణాల్లో రెండు ఉంటే చాలు: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండడం, స్కాన్‌లో అలా కనిపించడం. ఈ లెక్క 2003లో రాటర్‌డామ్‌లో కుదిరింది. పిల్లల విషయంలో మొదటి రెండూ తప్పకుండా ఉండాలి. స్కాన్ లెక్కలోకి రాదు. మొదటిదొక్కటే ఉంటే "ముందుముందు రావచ్చు, గమనిస్తూ ఉందాం" అని రాసుకుని మళ్లీ చూస్తాం. జబ్బు పేరు పెట్టం.

నెలసరి లెక్క కూడా వయసును బట్టే. మొదటి ఏడాది ఎలా వచ్చినా తప్పులేదు. ఆ తర్వాత మూడేళ్లు నిండే దాకా 21 నుంచి 45 రోజుల మధ్య వస్తే మామూలే. మూడేళ్లు దాటాక 21 నుంచి 35. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా సరే 90 రోజులు దాటిపోతే చూపించాలి. కాబట్టి మీ పాపకి 50, 60 రోజులంటే కొంచెం ఎక్కువే. పట్టించుకోవాల్సిందే, కానీ కూలబడాల్సినంత కాదు. నన్ను కలవరపెట్టేది తొమ్మిది రోజుల రక్తస్రావం. హిమోగ్లోబిన్ చూశారా? టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష? గడ్డం మీద, పొట్ట మీద ముదురు వెంట్రుకలున్నాయా? మొటిమలు? మెడ వెనక నల్లబడిందా?

ఆ డాక్టరు రాసిన మాత్రలు విషమేమీ కాదు. ఇలాంటి పిల్లలకి కొందరికి మేమూ రాస్తాం. నా అభ్యంతరం పరీక్షలు చేయకుండా, ఎందుకో చెప్పకుండా రాయడం మీద. మూలుగుతూ మింగే మాత్ర ఎవరూ మూడు నెలలు మింగరు. తీరిగ్గా మాట్లాడే ఇంకో డాక్టరుకి ఒకసారి చూపించండి.

ల్యాబ్_అక్క · జనవరి 19, ఉదయం 9:40

రక్తపరీక్షల దగ్గర జనం డబ్బు పోగొట్టుకోవడం రోజూ చూస్తాను కాబట్టి రాస్తున్నానండి. "ఫుల్ హార్మోన్ ప్యాకేజీ" అని ఉంటుంది, 30, 40 పరీక్షలు. పాపకి అన్నీ అక్కర్లేదు. డాక్టరు రాసినవే చేయించండి. మామూలుగా రాసేవి: రక్తపు లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), షుగర్. ఏఎంహెచ్ అని అండాల సంచులు ఎన్నున్నాయో అంచనా వేసే పరీక్ష ఒకటుంది, ఖరీదు ఎక్కువ. పెద్దవాళ్లలో స్కాన్ బదులు దాన్ని చూడొచ్చని 2023లో ఒప్పుకున్నారు గానీ ఈ వయసు పిల్లలకి వద్దనే చెప్పారు.

మూడు జాగ్రత్తలు చెబుతాను, ఇవి చాలామందికి తెలియవు. ఆ 21 రోజుల మాత్రలు మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ చేయిస్తే ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. పరీక్ష ముందు, మాత్ర తర్వాత.

జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్లు పరీక్షకి రెండు రోజుల ముందైనా ఆపాలి. కొన్ని మెషీన్లలో అది థైరాయిడ్ రిపోర్టునే తలకిందులు చేస్తుంది. బాగానే ఉన్నవాళ్లకి థైరాయిడ్ ఎక్కువైనట్టు చూపిస్తుంది.

ఇక గ్యాస్ మాత్రలు. వాంతులు, పుల్లతేన్పులకి ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో డాంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది ప్రొలాక్టిన్ పెంచుతుంది. నెలసరి ఆగిపోవచ్చు, కొందరికి రొమ్ముల్లోంచి పాలలా కూడా వస్తుంది. ఒకామె ప్రొలాక్టిన్ బాగా ఎక్కువగా వచ్చి తలకి ఎమ్మారై దాకా వెళ్లింది. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర గురించి ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఏ మాత్రలు వాడుతున్నారో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.

గోదారి_గట్టు · జనవరి 19, మధ్యాహ్నం 2:15

డాక్టరమ్మ గారూ, మీ పోస్టు పాపకే చదివి వినిపించాను. "పని నేర్చుకునే వయసు" అన్న చోట నవ్వింది. వారం రోజుల తర్వాత అది నవ్వడం.

వెంట్రుకలు పెద్దగా లేవు, పై పెదవి మీద సన్నగా ఉన్నాయి. మొటిమలు ఉన్నాయి గానీ ఆ వయసుకి అందరికీ ఉన్నట్టే. మెడ మాత్రం నల్లగా ఉంది. మట్టి అనుకుని రెండేళ్లుగా ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దుతున్నాను. "సరిగా స్నానం చేయవు" అని తిట్టాను కూడా. బరువు 64 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పొద్దున ఆరింటికి వెళ్తే స్టడీ అవర్స్ అయ్యి రాత్రి ఎనిమిదికి వస్తుంది. ఆటల పీరియడ్ టైంటేబుల్‌లోనే లేదు.

చిత్తూరు_చిన్నమ్మ · జనవరి 19, సాయంత్రం 5:30

అమ్మా, ఆ మెడను ఇంక రుద్దొద్దు. నా మెడ కూడా అట్లే ఉండేది. మా అమ్మ పీచుతో రుద్ది రుద్ది తోలు లేపేది. అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ అయితే చర్మం మడతల్లో, మెడ వెనక, చంకల్లో మందంగా, నల్లగా మఖమల్ గుడ్డ మాదిరి అవుతుంది. షుగర్ రాకముందే ఒళ్లు చెప్పే మాట అది. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు చెప్తా ఉండా.

నాది వినమ్మా. 27 ఏళ్లప్పుడు కడుపుతో ఉన్నాను. గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకి రక్తం తీసినారు. తినివచ్చినా, తినకుండా వచ్చినా 75 గ్రాములు తాగించి ఒక్కసారే చూసే ఈ పద్ధతికి మన దేశంలో పెద్దదిక్కు చెన్నైలో డాక్టర్ శేషయ్య గారు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని గర్భిణుల మధుమేహ అవగాహన దినంగా జరుపుతారు. 140 దాటితే ఉన్నట్టు. నాకు 168 వచ్చింది. తొమ్మిది నెలలు ఒళ్లు దగ్గర పెట్టుకొని తిన్నాను. బిడ్డ బాగా పుట్టింది. కాన్పు అయినాంక షుగర్ పోయిందన్నారు, నేనూ పోయిందనే అనుకుంటి. కాన్పు అయిన ఆరు వారాలకి మళ్లీ చూపించుకోవాలని, ఆ తర్వాత కూడా మానకుండా చూపించుకుంటా ఉండాలని కాగితంలో రాసే ఉండింది. బిడ్డకు టీకాలు ఒక్కటి తప్పలేదు. నా పరీక్షకు మాత్రం నేను పోలేదు. 38 ఏళ్లకి కాలి పుండు మానకపోతే పోయినా, మూడు నెలల సగటు షుగర్ 7.2, అంటే షుగర్ జబ్బు వచ్చేసినట్టే.

ఒక మాట తిండి గురించి. రాగి మంచిదని ఇంత పెద్ద సంగటి ముద్ద తింటే షుగర్ ఏమీ తగ్గదు, నేను మిషన్ పెట్టి చూసుకున్నా. ముద్ద సగం చేసి, పప్పూ ఆకుకూరా రెండింతలు చేసి, కూర ముందు తిని ముద్ద తర్వాత తింటే తేడా తెలిసింది. తిన్నాంక పావుగంట వీధిలో నడిస్తే ఇంకా తెలిసింది.

డాక్టరమ్మ · జనవరి 19, రాత్రి 9:10

చిన్నమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఇన్సులిన్‌కీ నెలసరికీ సంబంధం ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తే క్లోమం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అండాశయాలు మాత్రం దాని మాట వింటూనే ఉంటాయి. అంత ఇన్సులిన్ వచ్చి పడేసరికి మగ హార్మోన్ ఎక్కువ తయారుచేస్తాయి. దాంతో అండం పక్వం కాదు, తేదీ తప్పుతుంది. సన్నగా ఉన్న ఆడపిల్లల్లోనూ ఇది జరుగుతుంది, కాబట్టి లావుగా ఉండడం ఎవరి తప్పూ అనొద్దు. మన దక్షిణాసియా వాళ్లకి తక్కువ బరువుకే నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుకే మన ఆడవాళ్లకి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్త పడమంటాం.

పెద్దవాళ్లలో బరువు నూటికి అయిదు నుంచి పది తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. ఎదిగే పిల్లకి మాత్రం బరువు తగ్గమని లక్ష్యం పెట్టొద్దు. ఆట పెట్టండి, నిద్ర పెట్టండి, గుడ్డు, పప్పు, కూర పెంచండి. అంతే. మెడ ఎందుకు నల్లబడిందో పాపకి మీరే చెప్పండి. తిట్టినందుకు ఆ మాట కూడా చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల · జనవరి 19, రాత్రి 11:45

నిన్న ఆపిన కథ చెప్త. హన్మకొండల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు గడ్డం మీద వెంట్రుకలు మొదలైనయి. వారం వారం థ్రెడింగ్. ఎండకాలం గూడ చున్నీ మెడకు చుట్టుకొనే తిరిగిన. ఒక సంబంధం వాళ్లు చూసిపోయినంక మా చిన్నమ్మతోని "పిల్లకు ఏదో ఉన్నట్టుంది" అన్నరట. గది తలుపు వేసుకున్న ఆ దినం. తర్వాత తిండి మానేసిన. పొద్దుగాల ఒక ఆపిల్, రాత్రి మజ్జిగ. మూడు నెలలల్ల 11 కిలోలు తగ్గిన. అందరు మస్తు మెచ్చుకున్నరు. జుట్టు కుచ్చులు కుచ్చులుగ ఊడింది, నెలసరి ఆరు నెలలు రానే రాలే. మళ్ల తినుడు మొదలువెట్టినంక 15 కిలోలు పెరిగిన.

డాక్టర్లు నా రక్తం చూసిన్రు, స్కాన్ చూసిన్రు. నీ మనసు ఎట్లున్నదని అడిగింది ఒక్కరే, హైదరాబాద్‌ల ఒక మేడం. పీసీఓఎస్ ఉన్నోళ్లల్ల దిగులు, ఆందోళన ఎక్కువ ఉంటయని, అది గూడ ఈ జబ్బుల భాగమే అని ఆమె చెప్పినంకనే నాకు తెలిసింది. నేను గింత ఏడ్చుడు నా బలహీనత కాదని అప్పుడు సమజైంది. పెండ్లయినంక పిల్లల కోసం లెట్రోజోల్ మాత్రలు ఇచ్చిన్రు, అండం తయారయ్యేటందుకు. రెండో నెలల నిలిచింది.

అక్కా, బిడ్డ అద్దం ముందు ఎంతసేపు నిలవడుతుందో చూడు. అన్నం పళ్లెం చూడు, ఎక్కువ తిన్నదా అని కాదు, మానేస్తున్నదా అని.

పెరటి_తులసి · జనవరి 20, ఉదయం 7:20

ఇంగ్లీషు మందులు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అంటారు కదా. మా పిన్ని మెంతులు, ధనియాల నీళ్లు మొదలుపెట్టి థైరాయిడ్ మాత్ర మానేసింది, నాలుగు నెలలైంది, బాగానే ఉంది. మీరూ ముందు అలా ప్రయత్నించి చూడొచ్చు కదా?

నర్సమ్మ_పల్నాడు · జనవరి 20, ఉదయం 8:00

తులసమ్మా, మీ పిన్నికి ఈ రోజే టీఎస్‌హెచ్ చేయించండి. దయచేసి. ఆ మాత్ర ఆపిన మర్నాడే ఏమీ తెలియదు. ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది. తెలిసేసరికి మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మలబద్ధకం, మతిమరుపు, చలి. మెంతులు తినొచ్చు, మంచివే. కానీ థైరాయిడ్ గ్రంథి చేయలేకపోతున్న హార్మోన్‌ను మెంతులు తయారుచేయవు. జీవితాంతం వేసుకోవడం శిక్ష అనుకోకండి. ఉప్పులాంటిదే అదీ, ఒంటికి కావలసిన పదార్థం బయటి నుంచి ఇస్తున్నాం.

గోదారి_గట్టు గారూ, మీ థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకుంటున్నారు?

గోదారి_గట్టు · జనవరి 20, ఉదయం 8:25

పొద్దున్నే కాఫీతోనే అండి. తర్వాత టిఫిన్ అవగానే ఐరన్, కాల్షియం. అన్నీ ఒకేసారి అయిపోతే మర్చిపోనని.

నర్సమ్మ_పల్నాడు · జనవరి 20, ఉదయం 8:40

అదిగో. మాత్ర మంచినీళ్లతోనే. కాఫీ, టిఫిన్ కనీసం అరగంట తర్వాత, గంటైతే ఇంకా మంచిది. ఐరన్, కాల్షియం నాలుగు గంటలు ఎడంగా, ఆ రెండూ కూడా ఒకదానితో ఒకటి కలపకుండా. లేకపోతే మాత్ర పొట్టలోనే చిక్కుకుపోతుంది, రక్తంలోకి ఎక్కదు. ఇలా మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోండి, మోతాదు మార్చాలేమో డాక్టరు చెబుతారు. ఇది చదివే చిన్నవాళ్లెవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ గర్భం వచ్చిందని తెలిస్తే, మూడో నెల దాకా ఆగకుండా ఆ వారమే డాక్టరుకి చెప్పండి. మోతాదు పెంచాల్సి వస్తుంది. మొదటి నెలల్లో బిడ్డ మెదడుకి తల్లి హార్మోనే ఆధారం.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నా మనసు నిన్నటి నుంచి అక్కడే ఉంది. 34 ఏళ్లకి ఎందుకు తీశారు? అండాశయాలు కూడా తీశారా?

గోదారి_గట్టు · జనవరి 20, ఉదయం 9:05

తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళ్తే, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారట. ఊళ్లో అప్పటికే నలుగురు చేయించుకున్నారు. అండాశయాల సంగతి అమ్మకి తెలియదు. "సంచి తీశారు" అంతే అంటుంది. ఇప్పుడు 58. పోయినేడు బాత్‌రూంలో జారి మణికట్టు విరిగింది. నడుం కొంచెం వంగింది. ఆపరేషన్ అయిన కొత్తలో రాత్రుళ్లు ఒళ్లంతా ఆవిర్లు వచ్చి గచ్చు మీద పడుకునేది. నాకు అప్పుడు పదేళ్లు. తడిగుడ్డతో తుడిచేదాన్ని.

నర్సమ్మ_పల్నాడు · జనవరి 20, మధ్యాహ్నం 1:30

ఆవిర్లు వెంటనే మొదలయ్యాయంటే అండాశయాలు కూడా పోయి ఉంటాయి.

నేను పల్లెల్లో పాతికేళ్లు తిరిగాను. మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లు, నెలకి నాలుగు రోజులు కూలి పోతుందని, పిల్లలు పుట్టేశారు కదా ఇంక సంచితో పనేముందని, ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకే వెళ్లి చేయించుకునేవాళ్లు. "పీడ విరగడైంది" అనేవాళ్లు. అయిదారేళ్లకే వాళ్లే మోకాళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. 2019 నుంచి 2021 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. మన ఆడవాళ్ల గర్భసంచులకి మాత్రమే అంత జబ్బు ఎలా వచ్చింది? ఈ ప్రశ్న నేను అడగని మీటింగు లేదు.

తెల్లబట్టకి మందులుంటాయి. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అది అయిదేళ్లకు పైగా పనిచేస్తుంది. ముందు థైరాయిడ్, రక్తం, గడ్డలు చూడాలి. అన్నీ అయ్యాక కూడా తప్పని పరిస్థితి కొందరికి వస్తుంది. వాళ్లు నిస్సంకోచంగా చేయించుకోవాలి, అది ప్రాణం నిలబెట్టే ఆపరేషనే. తెల్లబట్ట ఒక్కదానికే మాత్రం కాదు.

డాక్టరమ్మ · జనవరి 20, రాత్రి 10:00

నర్సమ్మ గారి మాటకి ఒక చిన్న వివరణ చేర్చాలి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు వెంటనే ఆగవు, నెలసరి మాత్రమే ఆగుతుంది. అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ రాత్రికి రాత్రే పడిపోతుంది. మామూలుగా మన దగ్గర 46, 47 ఏళ్లకి మెల్లగా రావలసిన ముట్లుడిగే దశ 34కి ఒక్కసారిగా వచ్చేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అలాంటి చిన్న వయసు వాళ్లకి, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, 50 దాకా హార్మోన్ ఇవ్వాలి. అమ్మగారికి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. 2023లో సుప్రీంకోర్టు కూడా ఈ అనవసర ఆపరేషన్ల కేసు విని, రాష్ట్రాలన్నీ మార్గదర్శకాలు అమలు చేయాలని ఆదేశించింది. మీ అమ్మగారి కాలానికి అవేవీ లేవు.

ఇప్పుడు 58 ఏళ్లకి, ఇంత కాలం గడిచాక కొత్తగా హార్మోన్లు మొదలుపెట్టడం సాధారణంగా చేయం. కానీ ఎముకలకి మంచి మందులున్నాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించండి. జారిపడితేనే మణికట్టు విరిగిందంటే అది ఎముక చేసిన హెచ్చరిక. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, విటమిన్ డి చూపించండి. పాత డిశ్చార్జి కాగితం ఎక్కడైనా ఉందేమో వెతకండి.

మీరు మొదట అడిగారు, మా ఇంటి ఆడవాళ్ల ఒంట్లోనే ఏదో ఉందా అని. థైరాయిడ్, పీసీఓఎస్ కుటుంబాల్లో నడుస్తాయి, నిజమే. అమ్మగారిది మాత్రం ఒంట్లోంచి వచ్చింది కాదు.

కొత్త_కోడలు · జనవరి 21, ఉదయం 11:15

మధ్యలో అడుగుతున్నా, క్షమించండి. వచ్చే నెల మా ఇంట్లో వ్రతం, తర్వాత తిరుమల. ఏటా నాలుగైదుసార్లు డేట్ వాయిదాకి మాత్రలు వేసుకుంటాను, షాపులో అడిగి తెచ్చుకుంటా. దీనివల్ల పీసీఓడీ వస్తుందా?

డాక్టరమ్మ · జనవరి 21, రాత్రి 9:30

పీసీఓఎస్ రాదమ్మా. కానీ ఆ నోరెథిస్టిరాన్ మాత్ర కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి, కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఒక్కసారి డాక్టరుతో మాట్లాడి తీసుకో. మాత్ర ఆపాక రెండు మూడు రోజుల్లో నెలసరి రావాలి. రాకపోతే గర్భపరీక్ష చేసుకో.

గోదారి_గట్టు · మార్చి 9, రాత్రి 9:48

ఏడు వారాలైంది. పాపకి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, అందుకే ఇన్నాళ్లూ రాలేదు. ఒక్కొక్కటే చెబుతాను.

కాకినాడలో ఒక డాక్టరు గారికి చూపించాం. నలభై నిమిషాలు మాట్లాడారు. పాపతో విడిగా పది నిమిషాలు, నన్ను బయట కూర్చోమని. హిమోగ్లోబిన్ 9.2. రక్తం అంత తక్కువగా ఉందని తెలియక "ఎప్పుడూ నిద్రమొహం" అని కసురుకున్నాను. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టెరాన్ మూడూ బాగున్నాయి. మూడు నెలల షుగర్ 5.9 వచ్చింది, అది చూసి నా గుండె ఆగినంత పనైంది. ఐరన్ తక్కువైతే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని చెప్పి గ్లూకోజు తాగించి చూశారు. పరగడుపున 98, రెండు గంటలకి 134. రెండూ హద్దులోనే. మూడు నెలలు ఐరన్ వేసుకున్నాక మళ్లీ చూస్తారట. పీసీఓఎస్ అని రాయలేదు. "గమనించాలి" అని రాశారు. 21 రోజుల మాత్రలూ మెట్‌ఫార్మిన్ ఇప్పటికి వద్దన్నారు. 90 రోజులు దాటితే లేదా రక్తస్రావం ఎక్కువైతే వెంటనే రమ్మన్నారు.

ఐరన్ నిమ్మరసంతో వేస్తున్నాను. పొద్దున గుడ్డు తప్పనిసరి. సాయంత్రం స్కూలుకి వెళ్లి వాళ్ల నాన్న సైకిల్ ఇచ్చి వస్తారు, అది తొక్కుకుంటూ వస్తుంది, ఆయన పక్కనే బండి మీద. స్కూలు వాళ్లతో మాట్లాడి ఒక స్టడీ అవర్ మాన్పించాం. మెడ ఇంకా నల్లగానే ఉంది. రుద్దడం మానేశాను. ఆ ఆదివారం దాని తలకి నూనె పెడుతూ క్షమించమని అడిగాను. "పోనీలే అమ్మా" అంది.

నా మాత్ర మంచినీళ్లతో మారాక టీఎస్‌హెచ్ 6.8 నుంచి 2.9కి, హద్దులోకి వచ్చింది. మోతాదు మార్చలేదు. ఆరేళ్ల కాఫీ.

అమ్మ కాగితం దొరికింది. ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీర మడతలో. 24 ఏళ్ల కిందటిది, మడతల దగ్గర చిరిగింది. నాకు అర్థం కాక డాక్టరు గారికి ఫొటో పంపాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసినట్టు రాసి ఉంది. అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ ఆవిర్లు నా భ్రమ కాదన్నమాట" అంది. అప్పట్లో మా నాన్నమ్మ ఆమెని నటిస్తున్నావనేదిట. డెక్సాలో ఎముకలు బాగా గుల్లబారాయని వచ్చింది. వారానికి ఒక మాత్ర ఇచ్చారు, పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు. ఆ అరగంట ఇద్దరం వరండాలో నడుస్తున్నాం.

పాపకి మొన్న వచ్చింది. 43 రోజులు. గోడ క్యాలెండర్‌లో తనే చుట్టి పెట్టుకుంది.

ఓరుగల్లు_పిల్ల · మార్చి 9, రాత్రి 10:30

అమ్మమ్మకు నా తరఫున దండం పెట్టు అక్కా. పరీక్షలు అయిపోయినంక బిడ్డను గూడ ఇక్కడ రాయమను, ఏమన్న అడగాలనుకుంటే నన్నే అడగమను.

పెరటి_తులసి · మార్చి 10, ఉదయం 6:50

అప్పుడు రాసినందుకు సిగ్గుపడుతున్నాను. పిన్నికి ఆ వారమే పరీక్ష చేయించాం, టీఎస్‌హెచ్ 60 దాటింది. మాత్ర మళ్లీ మొదలుపెట్టింది. నర్సమ్మ గారూ, మీకు రుణపడి ఉంటాను. ఇంకొక ప్రశ్న. మా అత్తకి రెండేళ్ల కిందట గర్భసంచి తీశారు, కాగితాలు ఏమీ ఇవ్వలేదు. ఆసుపత్రిని అడిగితే ఇస్తారా?

నర్సమ్మ_పల్నాడు · మార్చి 10, ఉదయం 7:15

ఇవ్వాలి. వైద్యుల నియమావళి ప్రకారం రికార్డులు మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రెండేళ్లే అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి. మీ అత్తగారి పేరు, ఆపరేషన్ తేదీ రాసి, ఆమె సంతకంతో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, తీసిన ముక్క పరీక్ష రిపోర్టు, మూడూ అడగండి. వచ్చాక పేర్లు చెరిపి ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.